తలుపులు లేని యిల్లు

నీతిని గూర్చి విచారించువారు తరచుగా గొప్ప సందర్భములనే యెన్నుకొందురు. రాజ్యమును విడువవలెనా, ప్రాణమును విడువవలెనా, సత్యమును విడువవలెనా యని ప్రశ్నింతురు. అట్టి సందర్భములు సామాన్య గృహస్థునకు జన్మమున కొక్కసారియైనను తటస్థించునో లేదో. కాని అప్పు, అమ్మకము, ఇల్లు అను మూడింటిలో నొకదానితోనైనను సంబంధము లేని గృహస్థు డుండడు. కావున మేము చిన్నదిగా కనబడు నొక ప్రశ్నను పాఠకుల యెదుట నుంచుచున్నాము. తనఖా పెట్టిన యిల్లు ఋణదాత పాలగుచున్నప్పుడు, దానిని విడిచిపోవు యజమాని తలుపులను, కుళాయిలను, అలమరలను ఊడదీసికొని పోవచ్చునా? అట్లు ఊడదీసిన యింటిని తరువాత నమ్మువాడు కొనువానికి ఏమి చెప్పవలసియుండును?

ఇది ఊహించి కల్పించిన ప్రశ్న కాదు. 2007 మొదలు కొన్ని సంవత్సరములపాటు అమెరికా సంయుక్త రాష్ట్రములలో లక్షలకొలది కుటుంబముల యిండ్లు అప్పుల క్రింద జప్తయినవి. అంతకుముందు అచ్చటి ఋణదాతలు, తీర్చుకొను శక్తి లేనివారికి సయితము పిలిచి అప్పు లిచ్చిరి. మొదటి రెండేండ్లు తక్కువ వడ్డీ, తరువాతి యిరువదియెనిమిదేండ్లు మారుచుండు వడ్డీ అను షరతుగల దస్తావేజులు విరివిగా వ్రాయబడెను. అప్పిచ్చినవాడు ఆ దస్తావేజును తనయొద్ద నుంచుకొనక మరియొకనికి అమ్మివేయుచుండెను గనుక, అప్పు తీరునా తీరదా యను చింత అతనికి లేకపోయెను. ఇండ్ల ధరలు పెరుగుచున్నంతకాలము ఈ యాట సాగెను. 2006లో ధరలు శిఖరము నందుకొని, పిమ్మట దిగజారెను. 2012 నాటికి దేశమంతటిమీద అవి నాలుగవ వంతునకు పైగా తగ్గెను. లాస్ వేగాస్ వంటి నగరములందు సగమునకు పైగా తగ్గెను. ఇంటి వెలకంటె ఇంటిమీది అప్పే యెక్కువయైన గృహస్థులు అనేకులైరి. 2008 సెప్టెంబరులో లీమన్ బ్రదర్స్ అను గొప్ప సంస్థ దివాలా తీసినప్పుడు ప్రపంచమంతయు ఈ సంగతి నెరిగెను.

ఆ దినములలో జప్తయిన యిండ్ల తలుపులు తెరచి చూచినవారికి వింతయైన దృశ్యములు కనబడెను. వంటగదిలో పొయ్యి లేదు, గోడ నంటియుండవలసిన అలమరలు లేవు, పాత్రలు కడుగు తొట్టి లేదు. నీళ్లు కాచు యంత్రము, గాలిని చల్లబరచు యంత్రము, దీపముల గుబ్బలు, స్నానగృహపు కుళాయిలు, తుదకు మరుగుదొడ్డి పింగాణియు మాయమైనవి. కొన్ని యిండ్లలో గోడలు చీల్చి లోపలి రాగి గొట్టములను, విద్యుత్తు తీగలను లాగివేసియుండిరి. వీనిలో కొన్ని విడిచిపోవు యజమానులు చేసినవి. కొన్ని ఇల్లు పాడుపడియుండగా దొంగలు చేసినవి. 2003లో టన్నుకు రెండువేల డాలర్లకు లోబడియుండిన రాగి ధర 2006 నాటికి ఎనిమిదివేలను దాటియుండుటచే, మనుష్యులు లేని యిల్లు దొంగకు గనివలె నయ్యెను. ఫ్లారిడా వంటి రాష్ట్రములలో న్యాయస్థానము ద్వారమునే జప్తు జరుగవలసియుండుటచేత, ఒక్కొక్క యిల్లు సంవత్సరములకొలది ఎటూ తేలక నిలిచిపోయెను. విడిచిపోయినవాడు దాని యజమానుడు కాననుకొనెను. ఋణదాత తానింకను యజమానుడు కాలేదనెను. ఇద్దరి నడుమ ఇల్లు అనాథ యయ్యెను.

ఇట్టి యింటికి పట్టిన గతి యెట్టిదో కొంచెము వివరింపవలెను. ఆ దేశమున ప్రభుత్వపు పూచీతో ఇండ్లకై అప్పు పొందవలెనన్న, ఇల్లు నివాసయోగ్యమై, సురక్షితమై యుండవలెనని నియమము కలదు. నీళ్లు పారని, వెచ్చదనము లేని, వంటగది లేని యింటిమీద సామాన్యమైన అప్పు పుట్టదు. మరమ్మతు ఖర్చును గూడ కలిపి అప్పిచ్చు ప్రత్యేక పద్ధతి యొకటి యున్నను, దాని కట్టుబాట్లు అనేకములు. ఫలితమేమన, జీతముమీద బ్రతుకుచు, అప్పుతో నొక గూడు సంపాదించుకొనదలచిన కుటుంబమునకు ఆ యిల్లు అందదు. రొక్కము చేతబట్టుకొని వచ్చు వ్యాపారి దానిని చౌకగా కొనును. బాగుచేసి ఎక్కువకు అమ్మును, లేదా అద్దెకిచ్చును. తొట్టి నూడదీసినవాడు ధనికునిపై పగ తీర్చుకొంటినని తలచెను. వాస్తవమున మరియొక ధనికునికి దారి చేసి, తనవంటి పేదవానికి తలుపు మూసెను.

ఇక ఆ తలుపు ఎవరిది? న్యాయశాస్త్రము ఈ ప్రశ్నకు చాలకాలము క్రిందటనే సమాధాన మిచ్చినది. భూమికి అతికినది భూమితోడనే పోవునని రోమనుల సూత్రము. మన దేశమున 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఇంకను స్పష్టముగ చెప్పుచున్నది. భూమిలో వేరూనిన చెట్లును, భూమిలో పాతుకొన్న గోడలును మాత్రమే కాక, ఆ గోడలను శాశ్వతముగ ననుభవించుటకై వానికి తగిలించిన వస్తువులును స్థిరాస్తిలో చేరినవే. ఇల్లు చేతులు మారినప్పుడు, వేరొక యభిప్రాయము దస్తావేజులో లేనియెడల, దాని తాళములు, తాళపు చెవులు, అడ్డకమ్ములు, తలుపులు, కిటికీలు అన్నియు దానితోడనే పోవునని ఆ చట్టపు ఎనిమిదవ సెక్షను చెప్పును. తనఖా పెట్టిన పిమ్మట నా సొంత సొమ్ముతో చేర్చితి ననువానికి డెబ్బదియవ సెక్షను సమాధానము: తనఖా ఆస్తికి తరువాత చేరినది గూడ, వేరు ఒడంబడిక లేనియెడల, ఆ ఋణమునకే పూచీగా నిలుచును. కాబట్టి మంచము నాది, బీరువా నాది, తులసికుండీ నాది అనవచ్చును. గుమ్మమున బిగించిన తలుపు నాది అనుటకు వీలులేదు.

అయినను చట్టము తీర్పు చెప్పినంతమాత్రమున నీతి తీర్పు చెప్పినట్లు కాదు. ఇల్లు పోగొట్టుకొనువాని వాదమును నిష్పక్షపాతముగ విందము. "ఈ తలుపు నేను చేయించినది. ఈ గచ్చుమీద నా బిడ్డలు నడక నేర్చిరి. నాకు అర్థము కాని దస్తావేజుమీద చేవ్రాలు చేయించుకొని, వడ్డీ పెంచి, నన్ను వీథిలోనికి త్రోయుచున్నవాడు నన్ను దొంగ యనునా? వాడే మునిగినప్పుడు ప్రభుత్వము ఆదుకొనలేదా? నన్నాదుకొనువా డెవడు?" ఈ మాటలలో సత్యము లేదని మేమనజాలము. 2008 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము ఆర్థికసంస్థలను నిలబెట్టుటకై ఏడువందల బిలియను డాలర్లవరకు వెచ్చించుటకు అధికారము పొందెను. 2010లో, జప్తు కాగితములలోని సంగతులను చదువకయే దినమునకు వందలకొలది ప్రమాణపత్రములమీద బ్యాంకుల ఉద్యోగులు చేవ్రాళ్లు చేసిరని బయటపడెను. 2012 ఫిబ్రవరిలో ఐదు పెద్ద సంస్థలు, నలువదితొమ్మిది రాష్ట్రముల ప్రభుత్వములతోడను కేంద్ర ప్రభుత్వముతోడను ఇరువదియైదు బిలియను డాలర్ల రాజీకి ఒప్పుకొనవలసి వచ్చెను. కోట్ల విలువగల అసత్యము రాజీతో ముగియుచుండగా, ఒక కుళాయి నూడదీసినవానిని మాత్రము నీతిశతకముతో కొట్టుట న్యాయము కాదు. పేదవానికి ధర్మోపదేశము చేయుట సులభము. అతని గోడు వినుటయే కష్టము.

అయినను ఆ వాదమును తూచి చూచినప్పుడు ఒక లోపము కనబడుచున్నది. కోపము న్యాయమైనదే, అది తగులవలసిన చోట తగులుటలేదు. ఋణదాతకు ఆ యిల్లు లెక్కపుస్తకములో నొక పంక్తి. తొట్టి పోయినదని అతడు భోజనము మానడు. ఆ పంక్తిలో అంకె తగ్గించుకొనును. దెబ్బ తగులువారు వేరు. ప్రక్కయింటివాడు ఒకడు: పాడుపడిన యింటివలన అతని యింటి వెలయు తగ్గును, వీథిలో భయము పెరుగును. రేపా యింట కాపురముండ వచ్చు తెలియని కుటుంబ మొకటి. మూడవవాడు ఊడదీసినవాడే. మన దేశమున 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద బ్యాంకు ఇల్లు వేలము వేసి, అప్పును ఖర్చులను మినహాయించుకొన్న పిమ్మట మిగులున్నయెడల అది ఋణస్థునకు చెందవలెను. చాలనియెడల తక్కువైన మొత్తమునకు అతనిపై మరల రాదగును. తలుపు నూడదీసి పాతసామాను అంగడిలో నాలుగు రూపాయల కమ్మినవాడు, వేలములో నలువది రూపాయలు తగ్గించి, ఆ నలువదియు తన నెత్తిననే పెట్టుకొనుచున్నాడు. అమెరికాలో కొన్ని రాష్ట్రములు, తాను నివసించుటకు కొన్న యింటి అప్పులో మిగిలినది వసూలు చేయరాదని శాసించినవి, కాలిఫోర్నియా అట్టిది. అచ్చట ఈ మూడవ హాని లేకపోవచ్చును. మొదటి రెండును ఎచ్చటనైనను తప్పవు.

మరియొక సంగతి. ఊడదీయుటయందు దొంగతనముకంటె వ్యర్థత ఎక్కువ. గోడకు కొలిచి చేసిన అలమర, ఆ గోడనుండి వేరుపడిన వెంటనే చెక్కముక్కల వెల చేయును. గోడలోని రాగి గొట్టము తీసినవానికి వచ్చునది లోహపు తూకము వెల. దానిని మరల అమర్చువానికి గోడ చీల్చి, పూడ్చి, సున్నము వేయుటకు అగు ఖర్చు దానికి ఎన్నియో రెట్లు. ఒకని లాభము మరియొకని నష్టముతో సమానమైనచో దానిని అపహరణ మందుము. లాభము పిడికెడై, నష్టము పుట్టెడైనప్పుడు దానిని లోకమునకు చేసిన ధ్వంసమనవలెను.

ఇక రెండవ ప్రశ్న. ఊడదీసిన యింటిని అమ్మువాని ధర్మమేమి? ఈ చర్చ మిక్కిలి పురాతనమైనది. క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున రోమను పండితుడు సిసిరో తన కుమారునికై వ్రాసిన కర్తవ్యములను గూర్చిన గ్రంథములో సరిగా ఇట్టి ఉదాహరణమునే యిచ్చెను. ఒక సజ్జనుడు తన యిల్లు అమ్మజూపుచున్నాడు. అది ఆరోగ్యకరమైనదని అందరు తలచుచున్నారు. కాదని అతని కొక్కనికే తెలియును. గదులలోనికి పాములు వచ్చునని, కలప పుచ్చినదని అతని కొక్కనికే తెలియును. చెప్పక అమ్మవచ్చునా? స్టోయిక మతస్థుడైన డయోజెనీసు, నిన్ను కొనుమని నేను బలవంతము చేయలేదు గదా, నా వస్తువు దోషములను నేనే చాటుకొనుట వెఱ్ఱితనము గదా యని వాదించెనట. అతని శిష్యుడు యాంటిపేటరు, దారి తప్పిన వానికి దారి చూపకపోవుటయే పాపమైనప్పుడు, తెలిసి తెలిసి ఒకని గోతిలో పడనిచ్చుట అంతకంటె పాపము కాదా యనెను. సిసిరో శిష్యుని పక్షమునే వహించెను. అమ్మువానికి తెలిసిన దోషమును కొనువానికి తెలియకుండ నుంచుట, మౌనమైనను వంచనయే యని అతని యభిప్రాయము.

మన ధర్మశాస్త్రములును ఈ విషయమున మౌనము వహింపలేదు. మనువు వ్యవహారపదములు పదునెనిమిదింటిలో ఋణాదానమును మొట్టమొదట నుంచెను. ఒక వస్తువులో మరియొకటి కలిపిగాని, సారము లేనిదానిని గాని, తక్కువైనదానిని గాని, దూరమున నున్నదానిని గాని, కప్పిపుచ్చినదానిని గాని అమ్మరాదని ఎనిమిదవ యధ్యాయమున విధించెను. ఆస్తి బదిలీ చట్టపు ఏబదియైదవ సెక్షనును ఈ మార్గముననే నడచినది: కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలనిదియు, అమ్మువానికి తెలిసినదియు నగు ముఖ్యదోషమును అమ్మువాడు వెల్లడింపవలెను. రోమనుడు, మనువు, నేటి చట్టము ముగ్గురును ఒక్కచోట కలిసికొన్నప్పుడు, ఆ చోట ధర్మమున్నదని నమ్ముట తప్పు కాదు.

అయినచో జప్తయిన యిల్లు అమ్ము ఋణదాత ఏమనుచున్నాడు? "ఉన్నది ఉన్నట్లు, ఉన్నచోట ఉన్నట్లు" అనుచున్నాడు. ఈ మాటలు నేటి మన దినపత్రికలలోని వేలపు ప్రకటనలందును కనబడుచున్నవి. మాట అందమైనది, సత్యమువలె ధ్వనించును. కాని ఉన్నది ఎట్లున్నదో చెప్పిననే గదా, ఉన్నది ఉన్నట్లు అమ్మినట్లగును! పొయ్యి లేకపోవుట కంటికి కనబడును. దానిని ప్రత్యేకముగ చెప్పనక్కరలేదు. గోడలోని గొట్టము తెగియుండుట కంటికి కనబడదు. అందులోను ఇంటికి నీళ్లు నిలిపివేసి, విద్యుత్తు తీసివేసి చూపినప్పుడు, ఏ గొట్టము కారునో, ఏ తీగ తెగినదో పరీక్షించుటకే వీలులేదు. "మే మా యింట నెన్నడు కాపురముండలేదు, మాకేమియు తెలియదు" అని సంస్థలు చెప్పుకొనును. కాలిఫోర్నియాలో సామాన్యముగ అమ్మువాడు నింపి యీయవలసిన దోషవివరణపత్రమునుండి జప్తు అమ్మకములకు మినహాయింపు కలదు. తెలిసిన ముఖ్యదోషమును దాచుటకు మాత్రము అనుమతి లేదు. ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. తెలియకపోవుట వేరు, తెలిసికొనకుండ జాగ్రత్తపడుట వేరు. మొదటిది అజ్ఞానము; రెండవది అజ్ఞానవేషము ధరించిన తెలివి. నూరు రూపాయలతో తెలిసికొనదగినదానిని తెలిసికొనకుండుటవలన వేయి రూపాయల బాధ్యత తప్పునని లెక్కవేసినవాడు, తెలియదని ప్రమాణము చేయుటకు అర్హుడు కాడు.

మన దేశపు నిబంధనలు ఈ విషయమున కొంత మేలు. సర్ఫేసీ చట్టము ననుసరించి చేసిన 2002 నాటి నియమములు, బ్యాంకు స్వాధీనపరచుకొన్న యింటిని, వివేకముగల యజమాని తన సొత్తును కాపాడుకొనునంత జాగ్రత్తతో కాపాడవలెనని విధించుచున్నవి. స్వాధీనమునాడు పంచనామా వ్రాయుట మంచిది. ఈ యొక్క పనిని మనస్ఫూర్తిగ చేసినయెడల సగము తగవులు పుట్టవు. ఏ తలుపు ఉన్నదో, ఏ కుళాయి లేదో నాడే వ్రాసియుంచినచో, తరువాత ఊడదీసినది విడిచిపోయినవాడా, కావలివాడా, దొంగయా అను వివాదమునకు చోటు తక్కువ. బీదవానిపై నింద వేయుటకును చోటు తక్కువ.

కొనువాని సంగతియు చెప్పక తప్పదు. చౌకగా వచ్చినదని కొనుట పాపము కాదు. కాని గోడలోని గొట్టమునకు అతుకు వేయించి, పైన సున్నము కొట్టించి, ఆరునెలలలో మరియొకని కమ్మునప్పుడు, తాను నిన్న బ్యాంకును నిందించిన మౌనమునే తాను నేడు వహించినచో, దోషము చేయి మారినదేగాని తీరలేదు. అట్లే పాతసామాను అంగడిలో సగము వెలకు దొరకిన కొత్త కుళాయి ఏ యింటిదని అడుగక కొనువాడును ఆ గొలుసులో నొక కడియమే. అమెరికాలో అనేక రాష్ట్రములు రాగిదొంగతనముల పిమ్మట, పాతలోహము కొను వర్తకులు అమ్మువాని గుర్తింపును చూచి వ్రాసికొనవలెనని శాసించినవి. చట్టము అడుగుమన్న ప్రశ్నను మనస్సాక్షి అంతకుముందే అడుగవలసియుండెను.

సంస్కారమును కోరువారు నిందతో తృప్తిపడరాదు; మార్గమును చూపవలెను. ఆ దేశముననే కొందరు ఋణదాతలు ఒక పద్ధతి నవలంబించిరి. ఇల్లు ఊడ్చి, ఉన్న అమరికలతో సహా తాళపుచెవులు అప్పగించినవారికి, వేరుచోట కాపురము పెట్టుకొనుటకై కొంత రొక్కము నిచ్చిరి. ఇది దయవలె కనబడును, లెక్కవలెను కనబడును. రెండును ఒక్కచోట కలియుట లోకమున అరుదు గనుక ఈ పద్ధతిని మేము మెచ్చుకొనుచున్నాము. ఇంటిని వెంటనే ఖాళీ చేయింపక, అమ్మకమువరకు పాత గృహస్థునే అద్దెకుండనిచ్చుట ఇంకను మేలు. దీపము వెలుగు నింటిలో దొంగ గోడ చీల్చడు.

ఇంతకంటె ముఖ్యమైన పని అప్పునకు ముందే యున్నది. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక చెప్పలేదు; ఆ రెండును మనవారిని అప్పులలో ముంచిన కార్యములే. నేడు ఇంటి అప్పునకై భార్యాభర్త లిద్దరును చేవ్రాలు చేయుట సామాన్యమైనది. కాని చేవ్రాలు చేయు గృహిణికి ఆ దస్తావేజులోని వడ్డీ మారునా, ఎప్పుడు మారును, వాయిదా తప్పినచో ఎన్ని దినముల నోటీసు వచ్చును అని చదివి చెప్పువా రెందరు? బాకీ మొండిదని నిర్ణయించిన పిమ్మట అరువది దినముల నోటీసు ఇయ్యవలెనని, ఆపైన స్వాధీనమునకు రాగలరని, ఇల్లు పోవుదినము వచ్చువరకు తెలియనివారు అనేకులు. తెలియనివాని కోపము తలుపుమీద పడును. తెలిసినవాడు సకాలమున ఋణదాతయొద్దకు పోయి వాయిదాలు మార్పించుకొనుటకు యత్నించును, లేదా తానే మంచి వెలకు అమ్మి అప్పు తీర్చి మిగిలినది చేతబట్టుకొనును. ఊడదీయు చేతికి దస్తావేజు చదువుట నేర్పుటయే మేము కోరు సంస్కారము.

కావున మా యభిప్రాయ మిది. ఇల్లు విడిచిపోవువాడు తన చరాస్తి నంతయు నిస్సంకోచముగ తీసికొని పోవచ్చును. గోడ నంటినదానిని విడువవలెను. ఋణదాతపై భక్తిచేత గాక, ముందు రాబోవు కుటుంబముపై గౌరవముచేత విడువవలెను. తనకు జరిగిన అన్యాయమును కాగితముమీద వ్రాసి, న్యాయస్థానమునకో, వార్తాపత్రికకో, ప్రజాప్రతినిధికో తీసికొని పోవలెను. అచ్చట అది ఋణదాతకు తగులును. ఋణదాత ఇల్లు అమ్మునప్పుడు నీళ్లు విడిచి, దీపము వెలిగించి, పరీక్షింపనిచ్చి, తెలిసిన లోపములన్నియు వ్రాసి యీయవలెను. కొనువాడు తాను తెలిసికొన్నదానిని తరువాతివానికి చెప్పవలెను. ఈ మూడును జరిగినచో ఇంటి వెల కొంత తగ్గవచ్చును. కాని ఆ యింట మొదటి దినమున కుళాయి త్రిప్పిన తల్లికి నీళ్లు వచ్చును. రాకున్నను, రావని ఆమెకు ముందుగనే తెలిసియుండును.